సున్నుండ కాలు నేలకేసి కొట్టినప్పుడు

కుందేలుకి గొంతు లేదంటారు. నిజమే, కానీ కాలుంది. భయం వేసినా, ఏదైనా తేడాగా అనిపించినా వెనక కాలెత్తి నేలకేసి దబ్బుమని ఒక్కటి కొడుతుంది. బెత్తెడు లేని పాదానికి అంత చప్పుడు ఎలా వస్తుందో నాకిప్పటికీ అంతుపట్టదు. పక్క గదిలో ఉన్నా ఉలిక్కిపడాల్సిందే.

మా ఇంట్లో కుందేళ్లు లేని రోజుల్లో కూడా ఆ చప్పుడు నాకు వినిపించింది. దీపం పెట్టే వేళకి, మా మంచం కింద నుంచి. మా ఆయనతో చెప్తే "మందులు ఎక్కువయ్యాయి నీకు" అన్నారు. అయ్యుండొచ్చు. అప్పట్లో గుప్పెడు మాత్రలు మింగేదాన్ని.

ఇప్పుడు తేరుకున్నాను. మేడ మెట్లు ఎక్కగలుగుతున్నాను, ఒక వాక్యం మొదలుపెడితే చివరిదాకా చెప్పగలుగుతున్నాను. అందుకని రాస్తున్నాను. ఎవరినో ఉద్ధరించాలని కాదు, రాయకపోతే అదంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. అయినా ఇంట్లో కుందేళ్లున్నవాళ్లు, అందులోనూ మనవైపు వరి పండించే చుట్టాలున్నవాళ్లు, కాస్త ఓపిక పట్టి చదవండి.

అవి వచ్చిన కొత్తలో

మాది బందరు. మా ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను ఇంట్లో పిల్లలకి హిందీ ట్యూషన్లు చెప్తాను. కుందేళ్లు నా సరదా కాదు. మా అమ్మాయి హారిక డిగ్రీ చదివే రోజుల్లో ఎవరో స్నేహితురాలింటి నుంచి అట్టపెట్టెలో రెండు పిల్లల్ని తెచ్చింది. రెండూ ఆడవే, అక్కచెల్లెళ్లు. తెల్లదానికి కోవా అని, బెల్లం రంగుదానికి సున్నుండ అని పేర్లు పెట్టింది. "నాలుగు రోజులు చూడు మమ్మీ, మళ్లీ ఇచ్చేద్దాం" అంది. తర్వాత దానికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. అది వెళ్లింది, ఇవి మిగిలాయి.

మొదట్లో విసుక్కున్నాను. "నేను నీకు తల్లినా, నీ కుందేళ్లకి ఆయానా?" అని ఫోన్లోనే దులిపేశాను. చేయగా చేయగా అదే అలవాటైపోయింది. పొద్దున్నే కాఫీ తాగి వెనక వసారాలోకి వెళ్లేదాన్ని. మూలన వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు. అదే వాటి పక్క, అదే మరుగుదొడ్డి. మిరియాల కంటే కాస్త పెద్దగా ఉండే పెంటికల్ని ఊడ్చి, చేటలోకెత్తి మల్లెచెట్టు మొదట్లో పోసేదాన్ని. ఉచ్చ ఇంకిన చోట తెల్లగా గార కట్టేది. దాన్ని నిమ్మచెక్కతో తోమాలి. బొచ్చు ఊడే కాలంలో అయితే సరే సరి, ఫ్యాను రెక్కల మీద, మా ఆయన తెల్లచొక్కాల మీద, ఒక్కోసారి పప్పుచారులో కూడా అదే.

నేను ఊడుస్తుంటే సున్నుండ నా కాళ్ల చుట్టూ గిరగిరా తిరిగేది. చీపురు మీదికి దూకి పుల్లలు కొరికేది. కోవా నెమ్మదస్తురాలు. నేను కూర తరగడానికి కాళ్లు చాపుకుని కూర్చుంటే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. నుదుటి మీద వేలితో రాస్తే పళ్లు సన్నగా కటకటలాడించేది. అది వాటి సంతోషం. ట్యూషను పిల్లలు వచ్చేలోపు ఆ కాసేపూ నాది. హారిక లేని ఇల్లు నాకు బావురుమనిపించలేదంటే అవే కారణం. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మాసూళ్లయ్యాక

టబ్బులో పరవడానికి హారిక ఎండుగడ్డి ప్యాకెట్లు ఆన్‌లైన్లో తెప్పించేది. అది వెళ్లాక నేనూ అదే చేస్తున్నానని తెలిసి మా తమ్ముడు శ్రీను పగలబడి నవ్వాడు. వాడు అవనిగడ్డ దాటాక దివిసీమలో మా పుట్టింటి ఊళ్లోనే వ్యవసాయం చేస్తాడు.

"గడ్డి కొంటున్నావా అక్కా? అదీ కృష్ణా జిల్లాలో కూర్చుని? ఎవరన్నా వింటే నా పరువు పోద్ది!"

"నీ పరువుకేం గాని, ఓ గోతం పంపరా" అన్నాను.

ఆ ఏడు మాసూళ్లలో, సరిగ్గా వరికోతలప్పుడు వానలు పడ్డాయి. కుప్పలు తడిశాయి, ఆరబెట్టారు, మళ్లీ తడిశాయి. ధాన్యం ఎలాగో గట్టెక్కింది గాని గడ్డి లోలోపల నల్లబడింది. పైన ఉన్న మంచి గడ్డి గేదెలకి వేసి, అడుగున ముక్కిపోయినదాన్ని "కుందేళ్లు పడుకోడానికేగా" అని శ్రీను నాకు గోతాల్లో కుక్కి పంపాడు. వాడి స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. వరిచేల మధ్య పుట్టినవాళ్లం, గడ్డి వల్ల మనిషికి ముప్పొస్తుందని మాలో ఎవరికి తడుతుంది?

గోతం మూతి విప్పగానే అందులో మొహం పెట్టేసేదాన్ని. ముక్కిన వాసన కింద మా పెరటి వాసన, పాలు పితికి వచ్చినప్పుడు మా అమ్మ చీరకుండే వాసన. గుండెల నిండా పీల్చుకునేదాన్ని. కుందేళ్లు దొడ్లోకి పారిపోకుండా వసారా కిటికీలు, దొడ్డివాకిలి తలుపు బిగించి, గడ్డి బాగా దులిపి, చేతుల్తో విడదీసి టబ్బులో పరిచేదాన్ని. ఎండ పడినచోట దుమ్ము తెరలా లేచేది.

దులిపిన ప్రతిసారీ సున్నుండ కాలెత్తి దబ్బుమని కొట్టేది. కొట్టి, నడవలోంచి దూసుకుపోయి మా మంచం కింద దూరేది. దాని వెనకే కోవా.

"చూశారా దీని వేషాలు! గడ్డి వచ్చిందంటే దీనికి పండగే" అని నవ్వేదాన్ని. మా ఆయన అదంతా వీడియో తీసి హారికకి పంపారు. అందులో నేను నవ్వుతూ నవ్వుతూ దగ్గడం వినిపిస్తుంది. ఆ వీడియో ఇంకా ఆయన ఫోన్లో ఉంది. నేను చూడను.

మాఘమాసం

పొద్దున్న బాగానే ఉండేదాన్ని. పొద్దు వాలేసరికి చలి పుట్టుకొచ్చేది. జ్వరం, ఒళ్లునొప్పులు, ఆపైన దగ్గు. మర్నాటికి ఏమీ ఎరగనట్టు లేచి మళ్లీ చీపురు పట్టుకునేదాన్ని. మా వీధి డాక్టరు గారు వైరల్ అన్నారు, మందులు మార్చారు, ఇంకోసారి మార్చారు. పక్కింటావిడ దిష్టి తీసింది. పోనుపోను దగ్గు పోయి ఆయాసం మిగిలింది.

ఒకనాడు ట్యూషన్లో పాఠం చదువుతున్నాను. వాక్యం సగంలో గాలి అయిపోయింది. నోరు తెరిచే ఉంది, మాట లేదు. పిల్లలు తలలెత్తి చూశారు. వాళ్లలో ఓ పిల్ల "టీచర్, నీళ్లు" అని పరుగెత్తింది. ఆ గ్లాసు చేత్తో పట్టుకోవడానికి కూడా నాకు తీరుబడి లేదు. ఊపిరి తీయడం ఒక్కటే పనైపోయింది. అంత భయం నా జన్మలో పడలేదు. ఆ రోజు నుంచి ట్యూషన్లు మానేశాను.

బెంగుళూరు రమ్మని హారిక ఏడిస్తే వెళ్లాం. అక్కడ చిత్రంగా కుదుటపడ్డాను. వాళ్ల అపార్టుమెంటు మెట్లు కూడా ఎక్కాను. బందరు తిరిగొచ్చి, పక్కింటావిడ మీద వదిలిన టబ్బు రోత చూడలేక ఆ పూటే అంతా ఎత్తిపోసి, కొత్త గోతం విప్పి దులిపాను. సాయంత్రానికి మంచం పట్టాను.

గుడివాడలో

గుడివాడలో ఊపిరితిత్తుల డాక్టరు గారున్నారంటే ప్యాసింజరు రైల్లో వెళ్లాం. స్టేషను ఓవర్‌బ్రిడ్జి ఎక్కలేక మొదటి మెట్టు మీదే కూలబడితే మా ఆయన అటూ ఇటూ చూశారు, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని కాదు, ఏం చేయాలో తెలియక. ఆయన మొహం అలా ఎప్పుడూ చూడలేదు. లెక్క తేలని మనిషిలా నిలబడ్డారు.

ఆసుపత్రి వరండాలో ఏ కుర్చీలో చూసినా దగ్గేవాళ్లే. పెడన నుంచి వచ్చిన ఓ పెద్దావిడ తన పక్కన పెట్టుకున్న సంచీ కింద పెట్టి నాకు చోటిచ్చింది. కలంకారి అద్దకాల్లో పనిచేసిన చేతులట, గోళ్ల చివర రంగు ఇంకా పోలేదు. "పడుకోలేకపోతున్నావా అమ్మా? నేనూ అంతే. ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించు. అదిగో, అట్టా" అంటూ ఫ్లాస్కు మూతలో వేణ్ణీళ్లు పోసిచ్చింది. నా పేరు పిలిచేదాకా నా వీపు మీద చెయ్యి తీయలేదు. ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను. ఇప్పటికీ గాలి అందదేమో అనిపిస్తే అలాగే వంగి కూర్చుంటాను.

డాక్టరు గారు స్కాను లైటుకి పెట్టి చూసి, అన్నీ అడిగి, చివరికి "ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా అండీ?" అన్నారు.

మా ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"కుందేళ్లండీ. రెండు" అన్నారు ఆయన.

"ఊళ్లో లేనప్పుడు తగ్గి, వచ్చాక పెరిగిందంటున్నారు. కొన్నాళ్లు దూరంగా పెట్టి చూడండి. వాటివల్లే అయ్యుండొచ్చు."

తిరుగు రైలు కావుతరం స్టేషను దాటింది. నేనే అన్నాను, "హారికకి ఏం చెప్తారు?" అని.

"హారిక సంగతి తర్వాత. నీకు వాటి ప్రాణం ముఖ్యమా, నీ ప్రాణమా?" అని ఆయన గట్టిగా అడిగారు. ఎదురు సీటువాళ్లు మావైపు చూశారు.

రెండూ అనాలనుంది. అనడానికి ఊపిరి చాల్లేదు.

ఎండలు ముదిరాక

శ్రీను కారేసుకుని వచ్చాడు. "మన పశువులపాక ఉందిగా అక్కా, అక్కడ రాజాల్లా ఉంటాయి" అన్నాడు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో రెండింటినీ పెట్టి పైన తువ్వాలు కట్టారు. దగ్గరికి రానివ్వలేదు నన్ను. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. బుట్ట కన్నాల్లోంచి సున్నుండ ముక్కు అదురుతూ కనిపించింది. బుట్టలోపలే ఒక్కసారి కాలు కొట్టింది. ప్లాస్టిక్ మీద కదా, చప్పుడు వేరేగా వచ్చింది.

అవి వెళ్లిన కొద్ది వారాలకే నాకు జ్వరాలు తగ్గాయి. అందరూ "చూశావా" అన్నారు. హారిక కూడా "సారీ మమ్మీ, నేనే తెచ్చాను" అని ఏడ్చింది. మిగిలిన గడ్డి గోతం మా ఆయన టబ్బుతోపాటే బయట పారేయించారు. వసారా ఫినాయిల్ పెట్టి కడిగించారు. నేను ఊపిరి పీల్చుకుంటున్నాను, తింటున్నాను, నడుస్తున్నాను. సంతోషపడాలి కదా? దీపం పెట్టే వేళయితే మంచం కింద దబ్బుమనేది. వంగి చూసేదాన్ని. ఏముంటుంది, నా మొహం! పాత సూట్‌కేసు ఉండేది.

"కుందేళ్లెలా ఉన్నాయిరా?" అని శ్రీనుకి ఫోన్ చేస్తే "ఉన్నాయక్కా, బాగానే ఉన్నాయి" అనేవాడు. ఫొటో పెట్టమంటే సిగ్నల్ లేదనేవాడు. మా ఆయన్ని అడిగితే పేపరు అడ్డం పెట్టుకునేవారు.

ఆషాఢం

ఇక ఉండబట్టలేక ఒకరోజు ఆయన స్కూలుకి వెళ్లాక బస్సెక్కేశాను. పులిగడ్డ దగ్గర కృష్ణ మీంచి గాలి కిటికీలోంచి కొడుతుంటే ఎంత హాయిగా పీల్చానో.

నన్ను చూడగానే మా మరదలు సుజాత మొహం పాలిపోయింది. "వదినా, చెప్పకుండా వచ్చారే!" అంది. నేను నేరుగా పశువుల పాకలోకి వెళ్లాను. ఓ మూలన గడ్డి మీద ఖాళీ బుట్ట బోర్లించి ఉంది.

"ఏవే?"

సుజాత పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీను పొలం నుంచి వచ్చి చెప్పాడు. సున్నుండ వచ్చిన వారానికే చచ్చిపోయిందట. ఎండకో, కుక్కలకి బెదిరో తెలీదట. పొద్దున చూసేసరికి కోవా దాని పక్కనే ఆనుకుని ఉందట. తర్వాత కోవా కూడా తిండి మానేస్తే సుజాత గుడివాడలో ఉన్న వాళ్ల చెల్లెలింట్లో దించి వచ్చిందట.

"బావగారే చెప్పొద్దన్నారక్కా. నీకు మళ్లీ ఆయాసం ఎక్కడొస్తుందోనని..."

"అందరూ కలిసి నన్ను చంటిపిల్లని చేశారురా" అన్నాను. ఆ మూల గడ్డిలోనే కూలబడ్డాను. పిడికిళ్లతో గడ్డి పట్టుకుని, మొహం దాచుకుని ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. ఎవరూ నన్ను లేపలేదు.

సాయంత్రం చలి మొదలైంది. తర్వాత ఒళ్లునొప్పులు, దగ్గు, ఆ పైన ఆయాసం. అన్నీ పాత వరసలోనే వచ్చాయి. శ్రీను కంగారుగా కారు తీశాడు. సుజాత నా పాదాలు రుద్దుతోంది. ఏడవడం వల్లే అని వాళ్లంటున్నారు. ముందుకి వంగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, నేను ఒకే ఒక్క సంగతి ఆలోచిస్తున్నాను. ఇక్కడ కుందేలు లేదు. ఒకటి మట్టిలో ఉంది, ఇంకోటి గుడివాడలో ఉంది. మరి నన్ను పట్టుకున్నదేమిటి?

నా చీర మడతల్లో గడ్డిపరకలు ఉన్నాయి. వాసన చూశాను. మా అమ్మ చీర వాసన. బందరు వసారాలో గోతం విప్పినప్పుడల్లా వచ్చిన వాసనే.

మళ్లీ గుడివాడలో

ఈసారి డాక్టరు గారికి మా ఆయన చెప్పలేదు, నేనే చెప్పాను, ఆగి ఆగి. తడిసిన కుప్పలు, గోతాలు, మూసిన వసారా, దులపడం, మొన్నటి పాక. ఆయన కలం పక్కన పెట్టారు.

"కుందేళ్లున్నాయా అని అడిగాను గాని వాటి కింద ఏం వేస్తారని అడగలేదమ్మా" అన్నారు. ముక్కిన గడ్డిలో కంటికి కనపడని బూజు ఉంటుందనీ, అది అదేపనిగా పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు తట్టుకోలేవనీ, దీన్ని రైతుల ఊపిరితిత్తుల జబ్బంటారనీ చెప్పారు. ఏనాడూ చేలో దిగి పని చేయని దాన్ని, నాకు రైతుల జబ్బట! నవ్వొచ్చింది, నవ్వబోతే దగ్గొచ్చింది. పరీక్షలు చేశాక అదేనన్నారు. ఊపిరితిత్తుల్లో కొంత మచ్చ మిగిలిపోయింది. అది పోదు. మాసూళ్ల కాలంలో పుట్టింటి గడప తొక్కకూడదు. గడ్డివాము గాలి తగలకూడదు.

"అయితే కుందేలుని తెచ్చుకోవచ్చా?" అని అడిగాను.

మా ఆయన కుర్చీలో కదిలారు. "పద్మా, ఇప్పుడది అవసరమా? నీకేమైనా అయితే నేనేం కావాలి?" అన్నారు. పరాయివాళ్ల ముందు ఆయన అలాంటి మాట అనడం అదే మొదటిసారి. కోపం అప్పటికి పోలేదు గాని, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది.

"కాగితాలు పరవండి, కిటికీలు తీసి ఉంచండి, మాస్కు పెట్టుకోండి. చూద్దాం" అన్నారు డాక్టరు గారు.

కోవాని అటునుంచి అటే తెచ్చుకున్నాం. చిక్కిపోయి సగమైంది. నన్ను చూసి వీపు తిప్పుకుని కూర్చుంది. తప్పేముంది? తిప్పుకోదా మరి!

ఇప్పుడు

కొత్త టబ్బు కొన్నాం, అందులో ఇప్పుడు పాత న్యూస్‌పేపర్లు పరుస్తున్నాను. తినడానికి మా ఆయన పొద్దున్నే పచ్చి గరిక కోసుకొచ్చి, కడిగి ఇస్తారు. జ్వరం రాలేదు. కోవా మళ్లీ నా పాదం మీద గడ్డం ఆనిస్తోంది. పళ్లు కటకటలాడించడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

టబ్బులో అది ఎడమవైపే పడుకుంటుంది. పెంటికలూ తడీ అన్నీ ఆ సగంలోనే. కుడివైపు కాగితం పరిచింది పరిచినట్టే ఉంటుంది, పొడిగా, ముడత పడకుండా. "బాగానే ఉందిగా, అదెందుకు తీయడం?" అని మా ఆయన ఒకసారి అడిగారు. ఆ సగాన్ని కూడా రోజూ తీసి, కొత్తది వేస్తున్నాను.

గోతం దులిపినప్పుడల్లా సున్నుండ ఎందుకు కాలు కొట్టిందో నాకు తెలీదు. దుమ్ముకి బెదిరిందో, గోతం చప్పుడుకి బెదిరిందో. కుందేలు మనిషిని హెచ్చరిస్తుందంటే నేను నమ్మే మనిషిని కాను. నమ్మను గాని, మేమెంత నవ్వామో మాత్రం మర్చిపోలేకపోతున్నాను.

మొన్న ఈ ఏటి మాసూళ్లయ్యాయి. శ్రీను కొత్తబియ్యం తెచ్చాడు. నేను మాస్కు పెట్టుకుని వసారాలో కాగితాలు మారుస్తున్నాను, కోవా నా కాలి దగ్గరుంది. వాడు దొడ్డిదారిన వచ్చి, బస్తా భుజాన వేసుకుని "అక్కా!" అంటూ మెట్టెక్కాడు.

దబ్బుమంది.

కోవా పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ కాలు కొట్టలేదు. అది సున్నుండ పని. కొట్టి, నడవలోంచి దూసుకుపోయి మంచం కింద దూరింది. నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. శ్రీను చొక్కా భుజం మీద గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి.

"అక్కడే ఆగరా" అన్నాను.

వాడు తన భుజం చూసుకున్నాడు. వెనక్కి దిగి, బస్తా గేటు బయట పెట్టి, చొక్కా విప్పేసి పంపు కింద తల పెట్టాడు. మా ఆయన వచ్చి ఇంట్లో కిటికీలన్నీ తెరిచారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నేను లోపలికెళ్లి మంచం పక్కన వంగి చూశాను. కోవా గోడవారన ఉంది, పక్కన ఇంకొకరికి చోటు వదిలినట్టు ఒక వైపుకి ఒదిగి. "అయిపోయిందిలే, రావే" అన్నాను. రాలేదు. నేనూ అక్కడే నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, పొద్దు వాలేదాకా దగ్గు కోసం ఎదురుచూశాను. రాలేదు.